కళాయి అక్కరలేని పాత్రకు కాపలా అక్కరలేదా?

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకము మనలో పాతుకుపోయినది. అందుచేత వసతి గృహపు వంటశాలలో సింకుగాని, గంజుగాని ఎర్రబారితే నింద పాత్రలు కడిగేవారిపై పడుతుంది. ఈ నింద న్యాయము కాదు. తుప్పునకు మూలము చాలవరకు కొనుగోలులోను, మనము వారి చేతికిచ్చే శుభ్రపరచు సామగ్రిలోను ఉన్నదని నా అభిప్రాయము.

రాగి దేగ్‌లకు కళాయి పెట్టించుట హైదరాబాదు వంటవారికి తరతరాల అలవాటు. తగరపు పూత అరిగితే పులుపు రాగిని తాకి వంటకము చెడుతుందని వారెరుగుదురు. స్టీలుకు కళాయివాలా అక్కరలేదు; ఏలనన అది తన కళాయిని తానే పెట్టుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరములో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన ఉక్కులోని రహస్యమిదే. ఉక్కులో కనీసము 10.5 శాతము క్రోమియము ఉంటే, అది గాలిలోని ఆమ్లజనితో కలిసి కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినను, ఆ చోటు శుభ్రముగా ఉండి గాలి తగిలితే ఆ పొర మరల ఏర్పడుతుంది.

ఈ పొరకు పరమశత్రువు క్లోరైడు. అది ఉప్పులో ఉన్నది. మరకలు పోవుటకు వాడే మ్యూరియాటిక్ ఆమ్లములో ఉన్నది. బ్లీచింగు పొడి నీటివలన కూడ అదే కీడు కలుగుతుంది. పొర తెగినచోట సూదిమొనవంటి గుంటలు పడి లోలోపలికి దిగుతాయి. వాటిలో మడ్డి, సూక్ష్మజీవులు దాగుతాయి. కనుక ఇది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, ఆరోగ్యమునకు సంబంధించినది. ఇనుప పీచుతో తోమితే దాని రేణువులు స్టీలుపై అంటుకొని తుప్పు పట్టి, మచ్చలకు కారణమవుతాయి.

నివారణ కష్టమైనది కాదు. చన్నీటిలో ఉప్పు పోస్తే అది కరగక అడుగున పేరుకొని గుంటలు పెడుతుంది. నీరు మరిగిన పిదప వేసి కలపవలెను. చింతపండు పులుసును, ఊరగాయను రాత్రంతా స్టీలు పాత్రలో ఉంచరాదు. ఇనుప పీచునకు బదులు కొబ్బరిపీచునో, నైలాను పీచునో వాడవలెను. క్రిమినాశనమునకు బ్లీచింగు నీరు తప్పనప్పుడు పలుచగా కలిపి, కొద్ది నిమిషములలోనే మంచినీటితో కడిగివేయవలెను. చివరగా పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరబెట్టవలెను. కడిగిన పాత్రలను తడిగా ఒకదానిలో నొకటి దోపి ఉంచుట మంచిది కాదు.

ఇక కొనుగోలు మాట. 304 రకములో సుమారు 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలు ఉంటాయి. చౌకగా దొరికే 202 రకములో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుతారు. క్రోమియము కూడ తక్కువే. రెండును తళతళలాడుతాయి, రెండును సాధారణముగా అయస్కాంతమునకు అంటుకొనవు. కనుక అంగడివాని అయస్కాంత పరీక్షను నమ్మి మోసపోరాదు.

304 ఖరీదెక్కువ గదా అని కార్యవర్గ సభ్యులు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ సబబైనదే. అన్నిటికీ అది అక్కరలేదు. పొడి సరుకుల అలమరలకు 202 చాలును. ఉప్పు, పులుపు, నీరు నిలిచే సింకులకు, గంజులకు మాత్రము 304 కావలెను. రకము పేరు రసీదుపై వ్రాయించవలెను. పెద్ద కొనుగోలైతే ధ్రువపత్రము కోరవలెను.

మెస్సు సొమ్ము విద్యార్థులది. ఆ సొమ్ములో ఎక్కువ భాగము మధ్యతరగతి, పేద కుటుంబముల చెమట. చౌక సింకును మాటిమాటికి మార్చుట పొదుపు కాదు. ఇనుప పీచు, ఆమ్లపు సీసా చేతికిచ్చి, తుప్పు పట్టినదని పనివాని జీతము కోయుట అంతకంటె అన్యాయము. ముందు మంచి సరుకు కొని, మంచి పీచు ఇచ్చి, పని నేర్పుదము. లెక్క అడుగుట ఆ తరువాతి మాట.