గెలిస్తివా అని అడగొద్దండి

మాది కోవిల్‌పట్టి. హాకీ ఊరు అని పేరు. కృష్ణానగర్‌లో కృత్రిమ మైదానం ఉంది. లక్ష్మి అమ్మాళ్ పేరుతో జరిగే అఖిల భారత పోటీలకు ఎక్కడెక్కడి జట్లో వస్తాయి. భారత జట్టుకు ఆడిన మారీశ్వరన్ శక్తివేల్ మా ఊరివాడే. అట్లాంటి ఊర్లో పుట్టి నేనూ ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా హాకీ ఆడినాను. ఇప్పుడు ఆడటం లేదు. పొద్దున్నే బస్సెక్కి విరుదునగర్ వచ్చి చదువుకుంటున్నాను. ఎందుకు మానేసినావని మన క్లాసులోనే చాలామంది అడిగినారు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ప్లస్ టూలో ఒక ఫైనల్. స్కోరు సమమైంది, షూటౌట్ పెట్టినారు. 23 మీటర్ల గీత నుంచి బంతి తీసుకొనిపోయి, 8 సెకన్లలో గోల్‌కీపర్‌ను దాటించి గోల్ వేయాల. ప్రాక్టీసులో ఎన్ని వందలసార్లు వేసినానో లెక్కలేదు. ఆ పొద్దు విజిల్ పడేసరికి నా తలలో బంతీ లేదు, గోలూ లేదు. ఇంటికి పోయి ఏం చెప్పాల అనేదొక్కటే ఉంది. కర్ర మీద కుడిచెయ్యి సరిగ్గా ఉందా అని కిందికి చూసుకున్నాను. ఆరేళ్ళలో ఎప్పుడూ అట్లా చూసుకోలేదు. బంతి జారిపోయింది. టైము అయిపోయింది.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. బాగా అలవాటైన పనిని భయంతో ఒక్కో అడుగూ గమనిస్తూ చేస్తే ఆ పని చెడిపోతుందని మనస్తత్వశాస్త్రం చెబుతుంది. రోజూ వేసే ముగ్గే అయినా, ఎవరో పక్కన నిలబడి తప్పు వెతుకుతుంటే గీత వంకర పోదా? అట్లానే.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర అంగడి అన్నాచ్చి అరవంలో "జెయిచ్చియా?" అన్నాడు. ఇంట్లో అడుగు పెట్టగానే అవ్వ తెలుగులో "గెలిస్తివా బిడ్డా?" అంది. భాషలు రెండు, ప్రశ్న ఒకటే. ఇద్దరూ ప్రేమతోనే అడిగినారు. ఎట్లా ఆడినావు అని మాత్రం ఎవరూ అడగలేదు.

మా నాయన ఒప్పుకోడు. "ఒత్తిడి లేకుంటే అది ఆటేనా?" అంటాడు. అందులో నిజం ఉంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చిన సూత్రమూ అదే: ఒత్తిడి కొంతదాకా మేలు చేస్తుంది, కష్టమైన పనిలో హద్దు దాటితే చెడుపు చేస్తుంది. మైదానంలోని ఒత్తిడి ఆటలో భాగం. మైదానం బయట మనం పెట్టేది ఆ హద్దు దాటిస్తుంది.

నాయన సింధును చూపిస్తాడు. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఒకుహారా చేతిలో 19-21, 22-20, 20-22తో ఓడింది. 2018లోనూ ఫైనల్లో ఓడింది. సింధుకు ఫైనల్ అంటే భయమనే మాట పుట్టింది. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ఛాంపియన్ అయింది. పదేపదే అడిగినవాళ్ళకు రాకెట్‌తోనే జవాబు చెప్పాలనుకున్నానని తర్వాత చెప్పింది. నాయనకు ఇందులో గెలుపు కనిపిస్తుంది. నాకు ఆ "పదేపదే అడిగినవాళ్ళు" కనిపిస్తారు. అందరూ సింధులు కారు కదా. జవాబు చెప్పే రోజు రాకముందే ఆట మానుకున్న పిల్లలు ప్రతి ఊర్లో ఉంటారు.

మన హాకీలోనే చూడండి. 2021 టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన అమ్మాయిలు ఓడినప్పుడు, వందనా కటారియా ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టినారని ఆమె ఇంటివాళ్ళు పోలీసులకు ఫిర్యాదు చేసినారు. అదే ఒలింపిక్స్‌లో ఆమె హ్యాట్రిక్ కొట్టింది. సెమీఫైనల్ అయిన రెండు రోజులకే కాంస్య పతకం మ్యాచ్‌లో కూడా గోల్ వేసింది. అంత ఆడినదానికే ఆ గతి పడితే, మామూలు ఆడపిల్ల తట్టుకుంటుందా?

నేనూ తక్కువదాన్ని కాదు. పోయిన నెల మా చెల్లెలు మ్యాచ్ ఆడి వస్తే, నా నోట్లోంచి మొదట వచ్చింది "గెలిస్తివా?" అనే మాటే. దాని ముఖం చూసినాక గాని నాకు తెలియలేదు. ఆ మాట మింగి, పక్కన కూర్చుని, "ఈ పొద్దు ఏది బాగా ఆడినావు?" అని అడిగినాను. ఓడిన మ్యాచ్ గురించి గంటసేపు చెప్పింది.

మన కాలేజీ జట్టు పోటీలకు పోయి వచ్చినప్పుడు గేటు దగ్గర మనమే కదా మొదట ఎదురయ్యేది. స్కోరు ఎట్లాగూ నోటీసు బోర్డులో పెడతారు. వాళ్ళను మాత్రం ఎట్లా ఆడినారని అడుగుదాం. పరీక్ష రాసి వచ్చినప్పుడు మనల్ని కూడా ఇంట్లో అట్లా అడిగితే బాగుండునని మనకు అనిపించదా?