చుక్కలే ఆనవాళ్లు!

సముద్రంలో ఈతకొట్టి నాలుగు ఫొటోలు తీసుకుంటే విహారయాత్ర అయిపోయినట్టే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ తీరంలో మాత్రం అసలు పని ఆ ఫొటోలతోనే మొదలవుతుంది. అక్కడ పర్యటకులు ఈదేది వేల్‌షార్క్‌ల పక్కన మరి! ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఈ చేపను ఐయూసీఎన్‌ 2016లో అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. దాని ఒంటిమీది తెల్లచుక్కలు మన వేలిముద్రల్లాంటివే... ఏ రెండు చేపలకీ ఒకేలా ఉండవు. మొప్పల వెనక భాగాన్ని ఫొటో తీసి పంపితే చాలు, ఖగోళ పరిశోధకులు నక్షత్రాల్ని పోల్చే పద్ధతితోనే కంప్యూటర్‌ దాన్ని పాత ఫొటోలతో సరిచూస్తుంది. ఆ చేప ఇంతకుముందు ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో తెలిసిపోతుంది. పట్టుకుని గుర్తు వేయాల్సిన పనిలేదు. శాస్త్రవేత్తలు అన్ని సముద్రాల్లోనూ కాపు కాయలేరుగా! ఒక్కటే షరతు... కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి, ముట్టుకోకూడదు. మంచి ఫొటో కోసం వెంటపడితే, కాపాడబోయి భయపెట్టినట్టే!