కార్డు వచ్చేదాకా

ఒకప్పుడు మన కోస్తా జిల్లాలవాళ్లు వేలసంఖ్యలో ఓడ ఎక్కి రంగూన్ వెళ్లేవారు. 1937లో బర్మా ఇండియానుంచి విడిపోయేవరకూ, అక్కడ కూలికో గుమస్తాగిరీకో కుదరడానికి ఓడ టిక్కెట్టూ, కాస్త గుండెధైర్యమూ వుంటే సరిపోయేది. ఇవాళ మన పిల్లలు వెళ్తున్న అమెరికాలో అట్లా కాదు. పని దొరకడం వేరు. ఆ పని చేసే అర్హత వుండడం వేరు. అర్హత వున్నదని చూపించే కాగితం చేతిలో వుండడం మరీ వేరు. ఈ మూడోదానికోసం ఎదురుచూస్తూ చదువుకున్న ఆడపిల్లలు ఇంట్లో కూర్చోవలసి వస్తున్నది. అమెరికాలో పిల్లలున్న ప్రతి తల్లీ తెలుసుకోదగిన విషయం కాబట్టి ఈ వారం దీన్నిగురించే ముచ్చటిస్తాను.

మా అక్కగారమ్మాయి భర్తకు వున్నది హెచ్-1బి వీసా. అటువంటివారి భార్యలకు ఇచ్చేది హెచ్-4. 2015 మే 26కు ముందు, హెచ్-4 మీద వెళ్లిన పిల్ల ఎంత పెద్ద చదువు చదివినా వుద్యోగం చెయ్యడానికి వీలులేదు. ఆ రోజునుంచి, భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం కొంత ముందుకు సాగివుంటే, భార్యకూడా పని అనుమతి కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చునని నిబంధన తెచ్చారు. ఈఏడీ అని మన పిల్లలు ఫోనులో అంటూ వుంటారే, అదే ఆ కార్డు. దానికొక గడువు వుంటుంది. ఆ గడువు తీరేలోగా కొత్త కార్డు రాకపోతే ఏమిటి గతి?

తిరకాసంతా ఇక్కడే వున్నది. హెచ్-1బి భర్త విషయంలో, గడువు తీరకముందే కంపెనీ పొడిగింపు కోరితే చాలు. జవాబు వచ్చేదాకా అదే కంపెనీలో 240 రోజులవరకూ పని చేసుకోవచ్చు. అదనంగా రుసుము కట్టి జవాబు తొందరగా తెప్పించుకునే దారికూడా వున్నది. సైన్సు, ఇంజనీరింగు చదివి, చదువు తర్వాత శిక్షణ పేరిట పనిచేసే విద్యార్థి వేళకు పొడిగింపు కోరితే, అతనికి 180 రోజుల వెసులుబాటు. మరి భార్యకు?

2017 జనవరినుంచి కొన్ని తరగతులవారికి, పాత కార్డు గడువు దానంతట అదే 180 రోజులు పొడిగింపయ్యే ఏర్పాటు చేశారు. దరఖాస్తులు గుట్టలు పడిపోయి 2022లో దాన్ని 540 రోజులు చేశారు. హెచ్-4 భార్యలకు మాత్రం అప్పుడుకూడా ఒక ముడి వుండేది. ఆ దేశంలో వుండడానికి ఇచ్చిన గడువు ఏనాడు తీరితే ఆనాటితో ఈ వెసులుబాటుకూడా సరి. చాలామందికి కార్డూ, ఆ గడువూ ఒక్కరోజే తీరేవి కాబట్టి ఒరిగింది తక్కువే. చివరకు 2025 అక్టోబరు 30న ప్రభుత్వం ఆ ఏర్పాటునే రద్దు చేసింది. పూర్తిగా విచారించకుండా ఎవరికీ పొడిగింపు ఇవ్వకూడదన్నది వారి వాదన. చట్టం ప్రత్యేకంగా మినహాయించిన కొద్దిమంది తప్ప, ఆనాటినుంచి దరఖాస్తు పెట్టినవారు పాత కార్డు గడువు తీరగానే పని మానుకోవలసిందే. రుసుము కట్టి తొందరపెట్టే దారికూడా హెచ్-4 కార్డుకు లేదు. ఒకే ఇంట్లో కాఫీ తాగి ఒకే కారులో వెళ్లే దంపతులలో ఒకరికి 240 రోజులు, రెండోవారికి సున్నా!

మా అమ్మాయి ఆరేళ్లుగా ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నది. గడువు దగ్గరపడింది, కార్డు రాలేదు. ఆఖరిరోజున పై అధికారి పిలిచి, "రెండుమూడు వారాలేగా! ఇంటినుంచే చూస్తూ వుండు. కార్డు వచ్చాక జీతం సర్దుతాం" అన్నాడట. ఆమె వల్లకాదని చెప్పి, ఆఫీసువాళ్ల కంప్యూటరు అప్పగించి వచ్చేసింది.

"తప్పు చేశానా పిన్నీ? ఆయన కోపంగా చూశాడు. మళ్లీ తీసుకుంటారో లేదో" అన్నది ఫోనులో.

"మంచిపని చేశావమ్మా" అన్నాను.

ఎందుకంటే, 1986లో అక్కడ చేసిన చట్టం ప్రకారం ప్రతి యజమానీ, పనిలో పెట్టుకున్న మనిషికి అర్హత వున్నదీ లేనిదీ కాగితాలు చూసి ఐ-9 అనే ఫారంలో రాసిపెట్టాలి. గడువున్న కార్డయితే అది తీరేలోగా మళ్లీ చూడాలి. లేదని తెలిసికూడా పని చేయించుకుంటే యజమానికి జరిమానా. జరిమానా కట్టి ఆయన బయటపడతాడు. కాని అనుమతి లేకుండా పని చేసిందన్న మాట పిల్ల కాగితాల్లో పడితే, ముందుముందు పెట్టే ప్రతి దరఖాస్తుమీదా దాని నీడ పడుతుంది. జీతం పుచ్చుకోకపోతే ఫరవాలేదనుకోవడమూ పొరపాటే. గుడిలోనో ధర్మసంస్థలోనో సేవ చెయ్యడం వేరు, జీతానికి చేసే పనినే వూరికే చెయ్యడం వేరు. "ఇండియా కంపెనీకి ఇంట్లోంచి చేసిపెట్టవచ్చుగా" అంటారు బంధువులు. అమెరికా గడ్డమీద కూర్చుని చేసే పనికి అక్కడి చట్టమే వర్తిస్తుందని అక్కడి లాయర్లు హెచ్చరిస్తూ వుంటారు.

కనుక కార్డున్న పిల్లలకు నాలుగు మాటలు. గడువుకు 180 రోజుల ముందునుంచే కొత్త కార్డుకు దరఖాస్తు తీసుకుంటారు. వీలయితే ఆ మొదటి రోజులలోనే పెట్టెయ్యండి. దరఖాస్తు అందినట్లు వచ్చే రసీదు మీకిక అనుమతి పత్రం కాదు. కుటుంబమంతటికీ వైద్యబీమా భార్య వుద్యోగంమీద వుంటే, జీతం ఆగకముందే భర్త కంపెనీకి మార్చుకోండి. ఇంటి అప్పు తీసుకునేటప్పుడు, కొన్ని నెలలు ఒక్క జీతంతో నడవగలదా అని లెక్క వేసుకోండి. సందేహం వస్తే లాయరునే అడగండి, పక్కింటివారిని కాదు.

ఇక ఇక్కడున్న మనకు. మన ఆలంకారికులు నాయికలను ఎనిమిది విధాలుగా చెప్పారు. వారిలో విరహోత్కంఠిత ప్రియుడికోసం ఎదురుచూస్తుంది. టపావాడికోసం ఎదురుచూసే నాయికను వారు వూహించలేదు! మా అక్క మొదట్లో రోజూ ఫోను చేసి, "వచ్చిందటే?" అని అడిగేది. తర్వాత, "పోనీలే, ఖాళీగా వున్నావుగా, ఒకసారి వచ్చి వెళ్లరాదూ" అని మొదలుపెట్టింది. దరఖాస్తు నడుస్తూండగా దేశం దాటితే చిక్కులు రావచ్చు. పైగా ఆ "ఖాళీగా" అన్న మాటకు పిల్ల ఎంత నొచ్చుకున్నదో అక్కకు తెలియదు. ఆరేళ్లు తన సంపాదనతో తలెత్తుకుని తిరిగిన మనిషి, కూరలకూ మొగుణ్ణి అడగాలా అని కుమిలిపోతున్నది.

ఇటువంటి కూతురో కోడలో మీకుంటే, ఈసారి ఫోను చేసినప్పుడు కార్డు మాట ఎత్తకండి. వచ్చిననాడు మీరు అడక్కుండానే తను చెబుతుంది. ఈ పూట ఏం వండిందో, ఏం చదువుతున్నదో అడగండి. అల్లుడితో మాత్రం విడిగా ఒక మాట చెప్పండి: ఇంటి డబ్బు ఇద్దరి పేరా వుండే బ్యాంకు ఖాతాలో వెయ్యమని.