పరుగు రక్తంలో ఉందంటున్నారు, మరి తీరిక ఎక్కడుంది?



పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ముఖ్యంగా అన్నలు, తమ్ముళ్ళు చదవండి.

పోయిన నెలలో మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఆటల పోటీల్లో మన ఆశ్రమ పాఠశాల పాప ఒకామె చెప్పుల్లేకుండా 3000 మీటర్లు పరిగెత్తి, వెనకాల వచ్చే అమ్మాయిని సగం రౌండు దూరంలో వదిలేసి గెలిచింది. అందరం సంబరపడ్డాం. మేమూ నాలుగైదుసార్లు చూశాం. కింద అందరూ రాసిన మాట దాదాపు ఒకటే: "మనోళ్ళకి పరుగు రక్తంలోనే ఉంది."

ఆ మాట గురించే ఈ పోస్టు.

మేమంటే ఐదుగురం. పాడేరు వైపు పల్లెల నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న అమ్మాయిలం. ఐదుగురమూ స్కూల్లో దూరం పరుగులు పరిగెత్తినవాళ్ళమే. ఇప్పుడు పరిగెడుతున్నది ఇద్దరమే. మిగతా ముగ్గురి కాళ్ళకి ఏ దెబ్బా తగల్లేదు. రక్తమూ మారలేదు. మరెందుకు ఆగిపోయినట్టు?

మాకంటే బాగా పరిగెత్తే అమ్మాయి మా బ్యాచ్‌లో ఇంకొకామె ఉండేది. పేరు రాయడం లేదు, ఆమెకి ఇష్టం ఉండదు. తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీల దాకా వెళ్ళింది. పి.ఈ.టి. సారు ఆమె టైమింగు కాగితం మీద రాసి గోడకి అంటించేవారు. ఇంటర్ మొదటి సంవత్సరం సెలవులకి ఇంటికెళ్ళింది. వదిన పురుటికి పుట్టింటికి వెళ్ళడంతో వంట, నీళ్ళు, మేకలు అన్నీ ఈమె మీద పడ్డాయి. రెండు నెలలు పరుగు లేదు. తిరిగొచ్చాక సెలెక్షన్లలో ఐదో స్థానం వచ్చింది. "నాకింక రాదే" అని ఆపేసింది. ఇప్పుడు పెళ్ళయింది, ఒక బాబు. మొన్న సంతలో కనబడితే పరుగు గుర్తొస్తోందా అని అడిగాం. "పరుగు మర్చిపోలేదే, తీరికే లేదు" అంది. నెత్తిన బియ్యం మూట, చంకలో బాబు. మాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆటో వెళ్ళిపోతోందని పరిగెత్తింది.

అందుకే "రక్తంలో ఉంది" అనే మాట వింటే మాకు భయం. రక్తంలోనే ఉంటే ఇంకెవరూ ఏమీ చెయ్యక్కర్లేదు కదా. కోచ్ అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు, అన్న బిందె ఎత్తక్కర్లేదు. గెలిస్తే రక్తం గొప్ప, ఆగిపోతే అమ్మాయి తప్పు.

కవితా రౌత్ సంగతి చూడండి. మహారాష్ట్ర నాసిక్ జిల్లా హర్సూల్ దగ్గర సావర్‌పాడా అనే పల్లెకి చెందిన ఆదివాసీ అమ్మాయి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. అదే ఏడాది గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. 2016లో రియో ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తింది. ట్రాక్ మీద 10,000 మీటర్లంటే 25 రౌండ్లు. పల్లెలో పుట్టగానే వచ్చే విద్య కాదది. నాసిక్‌లో కోచ్ దగ్గర ఏళ్ళ తరబడి చేసిన సాధన. ఆమె పల్లెలో ఆమెలాగే నీళ్ళు మోసిన అమ్మాయిలు చాలామంది ఉండే ఉంటారు. సాధనకి దారి దొరికింది ఆమెకి. మనం చెప్పుకోవాల్సింది ఆ దారి గురించి.

ఇంకొందరు కొండగాలి మహిమ అంటారు. మన అరకు, పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటాయి. దూరం పరుగులవాళ్ళు ఎత్తు ప్రదేశాలకి వెళ్ళి సాధన చేసే మాట నిజమే కానీ, మనవాళ్ళు వెళ్ళే ఊటీ 2200 మీటర్ల పైన ఉంది, కెన్యాలో ఇటెన్ 2400 మీటర్ల దాకా ఉంది. మన ఎత్తుకి అంత మహిమ లేదు. మనకి ఉన్నది ఎత్తుపల్లాల దారి, చిన్నప్పటి నుంచీ నడక అలవాటు. అది మంచి పునాదే. పునాది వేసి వదిలేస్తే ఇల్లవదు.

ఇంకో మాట కూడా వింటాం. ఆడపిల్ల ఒళ్ళు అంత దూరం తట్టుకోదని. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్లు పెట్టారు. పరుగు అయ్యాక కొందరు అలిసి కింద పడ్డారని పత్రికలు గోల చేస్తే ఆ పోటీనే తీసేశారు. మళ్ళీ 1960లో గానీ పెట్టలేదు. ఆడవాళ్ళ మారథాన్ అయితే ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. మా అవ్వలు పసుపు మూటలు, చింతపండు మూటలు నెత్తిన పెట్టుకుని ఘాటు దిగి సంతకి వెళ్ళొచ్చిన రోజులవి. ఆడదాని ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో వాళ్ళని అడిగి ఉంటే సరిపోయేది.

సరే, తీరిక లెక్కకి వద్దాం. మాలో ఒకరి ఇంట్లో సెలవు రోజు ఎలా ఉంటుందో రాస్తున్నాం. ఐదింటికి లేవాలి. కుళాయి ఉంది, ఎండాకాలంలో అందులో గాలే వస్తుంది. ఊట గెడ్డ అర కిలోమీటరు. మూడుసార్లు వెళ్ళొస్తే 3 కిలోమీటర్లు, అందులో సగం దూరం నెత్తిన నిండు బిందె. తర్వాత పొయ్యి, చోడి అంబలి, అంట్లు. ఎనిమిదింటికి కొండ మీద పనికి. కాఫీ పళ్ళ కోత రోజులైతే సాయంత్రం దాకా అక్కడే. దిగేటప్పుడు కట్టెల మోపు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంట. ఎనిమిదింటికి ఒళ్ళు వాలుతుంది. అదే ఇంట్లో తమ్ముడు కూడా కొండ పనికి వస్తాడు, కష్టపడతాడు. కాదనడం లేదు. కానీ దిగొచ్చాక వాడికి బంతాట ఉంటుంది. వాడి రోజులో ఒక గంట వాడిది. ఆమె రోజులో ఆ గంట లేదు.

"నీళ్ళు మోయడం కూడా ట్రైనింగే కదా అక్కా" అని ఒక తమ్ముడు నవ్వాడు. కాదు తమ్ముడూ. కష్టం ఒక్కటే ట్రైనింగ్ అయితే మన అమ్మలందరికీ పతకాలు రావాలి. కష్టం, తిండి, విశ్రాంతి మూడూ కలిస్తేనే ఒళ్ళు బలపడుతుంది. మొదటిది మాత్రమే ఉంటే ఒళ్ళు అరుగుతుంది.

పరుగుకి నిజంగా ఎంత టైమ్ కావాలో చాలామందికి తెలియదు. మేమిద్దరం చేస్తున్నది చెప్తాం. వారానికి నాలుగు రోజులు. రెండు రోజులు 40 నిమిషాలు మెల్లగా, పక్కవాళ్ళతో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత మెల్లగా. మాట ఆగిపోతే వేగం ఎక్కువైనట్టు. ఒకరోజు ఎత్తు దారి మీద ఎనిమిదిసార్లు గట్టిగా ఎక్కడం, నడుస్తూ దిగడం. ఒకరోజు గంటసేపు దూరం పరుగు. ముందు కాస్త నడక, తర్వాత ఒళ్ళు సాగదీయడం అన్నీ కలిపినా నాలుగు గంటలు దాటదు. వారంలో 168 గంటలున్నాయి. మేం అడుగుతున్నది అందులో నాలుగు. రోజూ ఊపిరాడకుండా పరిగెత్తితేనే సాధన అనుకుని స్కూల్లో మేం చాలా పాడుచేసుకున్నాం. ముంగాలి ఎముక నొప్పులు పెట్టుకుని నెలలు కూర్చున్నాం.

ఇప్పుడు రక్తం సంగతి. పరుగు రక్తంలో ఉందంటున్నాం కదా, అసలు రక్తం ఉందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కండకి గాలి అందించేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తక్కువుంటే ఎంత మనసున్నా మూడో రౌండులో కాళ్ళు బరువెక్కుతాయి. అమ్మాయి బద్ధకస్తురాలు అనుకుంటారు, ఆమే అలా అనుకుంటుంది. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని వాంతి వస్తుందని గోడవతల పడేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. చెల్లెళ్ళూ, పడెయ్యకండి. అన్నం తిన్నాక వేసుకోండి. దాని వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగండి. తోటకూర, మునగాకు, ఉలవలు తిన్నప్పుడు నిమ్మకాయో ఉసిరికాయో తోడుంటే మంచిది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన ఆదివాసీల్లో సికిల్ సెల్ ఎక్కువ. 2023 జులైలో కేంద్రం దీని మీద పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది, పరీక్షలు చేస్తున్నారు. గట్టిగా పరిగెత్తేవాళ్ళు తప్పకుండా చేయించుకోండి. ఉన్నదని తేలితే డాక్టరుని అడగండి, నేర్పించే సారుకి చెప్పండి. ఆ లక్షణం మోస్తున్నవాళ్ళు కూడా ఎండలో నీళ్ళు తాగకుండా ఒంటిని విరగ్గొట్టుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. తెలిసి జాగ్రత్తపడటం వేరు, తెలియక కూలబడటం వేరు.

నెలసరి గురించి కూడా సిగ్గుపడకుండా రాస్తున్నాం. ఆ రోజుల్లో ఒంట్లో బాగుంటే పరిగెత్తొచ్చు, లేకపోతే ఆగొచ్చు, అది ఆ అమ్మాయి ఇష్టం. కానీ సాధన చేస్తూ నెలల తరబడి రాకుండా పోతే హమ్మయ్య అనుకోవద్దు. చేసే కష్టానికి సరిపడా తినడం లేదని ఒళ్ళు చెప్తూ ఉండొచ్చు. వెంటనే నర్సమ్మకి చెప్పండి.

"పరిగెడితే ఏటొస్తదే?" అని అమ్మ అడుగుతుంది. అబద్ధం చెప్పం. అందరికీ పతకాలు రావు. మాకూ రాకపోవచ్చు. కానీ మనలో ఎంతమంది పోలీసు, కేంద్ర బలగాల ఉద్యోగాలకి తయారవుతున్నారు? ఎస్సెస్సీ జీడీలో అమ్మాయిలు 1.6 కిలోమీటర్లు 8 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. అంటే ఒక్కో 400 మీటర్లు 2 నిమిషాల 7 సెకన్లకి. పదో తరగతిలో మేం ఇంతకన్నా వేగంగా వెళ్ళేవాళ్ళం. మూడేళ్ళు ఆపేసి, నోటిఫికేషన్ పడ్డాక నెలరోజుల్లో అందుకోవాలంటే కాళ్ళు దెబ్బతింటాయి. నిలబెట్టుకోవడం తేలిక, మళ్ళీ తెచ్చుకోవడం కష్టం.

ఉద్యోగం రాకపోయినా మాకు అది కావాలి. పొద్దున్న మంచులో ఘాటు రోడ్డు మీద ఇద్దరం పరిగెడుతుంటే ఆ 40 నిమిషాలు మేం ఎవరి కూతుళ్ళమూ కాదు, ఎవరి వదినలమూ కాదు.

పెళ్ళయితే అయిపోయినట్టే అంటారా? టోక్యో ఒలింపిక్స్‌లో మారథాన్ బంగారు పతకం గెలిచిన కెన్యా ఆమె పెరెస్ జెప్‌చిర్‌చిర్ అప్పటికి ఒక పాపకి తల్లి. తల్లి అయితే కాళ్ళు ఆగిపోవు. బిడ్డని పట్టుకునే ఇంకో రెండు చేతులు కావాలి, అంతే.

ఇల్లు గడవని చోట పరుగేంటి అని కొందరు పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పని మానేస్తామని మేమెవరమూ అనడం లేదు. పని పంచుకోమంటున్నాం. అందుకు ఐటీడీఏ నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

కాబట్టి మా మాటలు నాలుగు.

అన్నలూ తమ్ముళ్ళూ, వారానికి నాలుగు పొద్దులు నీళ్ళు మీరు తెండి. ఊరివాళ్ళు నవ్వుతారు. మొదటి వారం నవ్వుతారు, రెండో వారానికి వాళ్ళకి వేరే పని దొరుకుతుంది.

రోడ్డు మీద పరిగెడుతున్న అమ్మాయిల పక్కన బండి మెల్లగా చేసి మాటలు విసిరేవాళ్ళు బయటివాళ్ళే కాదు, మనలోనూ ఉన్నారు. మీ స్నేహితుడైతే మీరే ఆపండి. మా బట్టల గురించి మాకు చెప్పే ముందు వాడి నోటి గురించి వాడికి చెప్పండి.

అక్కలూ, మీ పాత స్కూలుకి వెళ్ళినప్పుడు పరిగెత్తే చెల్లెళ్ళని పలకరించండి. సెలవులకి ఇంటికి వెళ్ళేముందు వాళ్ళ అమ్మానాన్నలతో ఒక్క మాట మాట్లాడండి. మా బ్యాచ్ అమ్మాయి ఆగిపోయింది ఆ రెండు నెలల్లోనే.

నాలుగోది అందరికీ. ఇంకోసారి అలాంటి వీడియో వస్తే "రక్తం" అని రాయకండి. ఆ పాప ఏ ఊరు, రోజూ ఏం తింటోంది, బూట్ల సైజెంత, ఇంటి దగ్గర నీళ్ళెవరు తెస్తున్నారు అని అడగండి. చెప్పుల్లేని కాళ్ళు ఫోటోకి బాగుంటాయి. ఆ కాళ్ళకి రాళ్ళు గుచ్చుకుంటాయి.

వీడియోలోని పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి అని తెలిసింది. ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్తుంది. ఆ ఊరి అన్నలెవరైనా గ్రూపులో ఉంటే చెప్పండి, మేమిద్దరం వచ్చి వాళ్ళ అమ్మతో మాట్లాడతాం. వచ్చిన రోజు నీళ్ళు కూడా మేమే తెస్తాం. పాపని ఆ గంట పరిగెత్తనివ్వండి.

జై ఆదివాసీ.