బిగిస్తే సరిపోదు

మా పాత బుల్లెట్ ముందు బ్రేకు పట్టగానే హ్యాండిల్ దగ్గర టక్కుమనేది. పైనున్న నట్టు రెండుసార్లు బిగించి సరిపెట్టుకున్నాం. చప్పుడు ఆగింది గాని హ్యాండిల్ బిర్రుగా మారింది, మెల్లగా పోతుంటే బండి వంకలు తిరుగుతోంది.

చివరికి ముందు చక్రం గాలిలోకి లేపి హ్యాండిల్ తిప్పి చూశాం. సూటిగా ఉండే చోటికి రాగానే గాడిలో పడినట్టు ఆగింది. విప్పితే కప్పుల్లో వరుసగా చిన్న గుంటలు. ఏళ్ల తరబడి రోడ్డు దెబ్బలు ఒకేచోట తగిలి బాల్స్ అక్కడే అచ్చులు వేశాయి.

బాల్స్ ఒక్కటే మారిస్తే చాలు అనేవారున్నారు. మేము ఒప్పుకోము. కొత్త బాల్స్ కూడా పాత గుంటల్లోనే కూర్చుంటాయి. పైనా కిందా కోన్ సెట్ మొత్తం మార్చి, గ్రీజు నిండా పెట్టి, ఊగులాట పోయేంత వరకే బిగించాలి. చక్రం లేపినప్పుడు హ్యాండిల్ తనంతట తానే పక్కకు వాలాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలి.

భార్యాబిడ్డలను ఎక్కించుకొని కూడికకు వచ్చే సహోదరులారా, ఈ వారమే చక్రం లేపి చూడండి. గాడిపడిన అలవాట్ల సంగతీ ఇంతే. పైపైన బిగిస్తే చప్పుడు ఆగుతుంది, గుంట మాత్రం పోదు.