దావత్ ఖర్చు అమ్మాయి వాళ్ళది, పాయింట్లు అబ్బాయి వాళ్ళవి



రిష్తా మాటల్లో ఈమధ్య కొత్త షర్త్ ఒకటి దూరింది. లేన్‌దేన్ సంగతి తేలాక, బంగారం తులాల దగ్గర బేరం ఆగాక, అబ్బాయి తరఫు పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. "ఫంక్షన్ హాల్ వద్దు భాయ్. దుల్హా దోస్తులు, ఆఫీసు వాళ్ళు వస్తారు. ఏదైనా మంచి స్టార్ హోటల్ చూడండి." చూడమనడం మర్యాదకే. ఏ హోటలో ఇంట్లోనే అనుకుని వస్తారు. అదే ఎందుకని అడిగితే, "మావాడికి అందులో మెంబర్‌షిప్ ఉంది, డిస్కౌంట్ ఇప్పిస్తాడు" అంటారు. అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న అమ్మాయి అబ్బా ఆ మాటకు తలెత్తి షుక్రియా కూడా చెబుతాడు.

ఆ షుక్రియా ఎవరు ఎవరికి చెప్పాలో తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ మెంబర్‌షిప్ ఏమిటో చూద్దాం. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు తమ విమానాల్లో ఎన్ని మైళ్ళు తిరిగితే అంత లెక్క రాసి, ఆ లెక్క మీద ఉచిత టికెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. 1983కల్లా హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు ఆ దారి పట్టాయి. ఇవాళ మారియట్ వాళ్ళ పథకం పేరు బాన్‌వాయ్. అందులో మెహమాన్లకు మెట్లున్నాయి. ఏడాదిలో 10 రాత్రులుంటే సిల్వర్, 25 ఉంటే గోల్డ్, 50 ఉంటే ప్లాటినం, 75 ఉంటే టైటానియం. అన్నిటికన్నా పైమెట్టు ఎక్కాలంటే 100 రాత్రులు ఉండాలి, 23,000 డాలర్లు ఖర్చు కూడా పెట్టి ఉండాలి. మెట్టు పెరిగేకొద్దీ ఖాళీ ఉంటే పెద్ద గది, గది ఖాళీ చేయడానికి సాయంత్రం దాకా వ్యవధి, విడిగా కూర్చుని తినే లాంజ్. మన టాటా వాళ్ళ తాజ్ హోటళ్ళు 2022లో న్యూపాస్‌లో చేరాయి, అక్కడ ఒక న్యూకాయిన్ ఒక రూపాయి.

తిజారత్ అన్నాక గాహక్‌ని మళ్ళీ మళ్ళీ రప్పించుకోవడం నేరం కాదు. మా ఏలూరు మటన్ కొట్టు భాయ్ కూడా రోజూ వచ్చేవాడికి ఒక నల్లీ ఎక్కువ వేస్తాడు. కానీ ఆయన నల్లీ ఎవరి సంచిలో వేస్తాడు? డబ్బిచ్చిన వాడి సంచిలో. హోటళ్ళ లెక్క అలా లేదు. ఈ పథకాలకు పెద్ద బలం కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగే ఉద్యోగులు. గది అద్దె కంపెనీ కడుతుంది, పాయింట్లు ఉద్యోగి సొంత ఖాతాలో పడతాయి. అందుకే అద్దె వెయ్యి ఎక్కువైనా ఉద్యోగి ఆ హోటలే కావాలంటాడు. పోయేది తన జేబులోంచి కాదుగా. డబ్బు కట్టేవాడు ఒకడు, ఫాయిదా పొందేవాడు ఇంకొకడు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే ఈ వ్యాపారం నడుస్తోంది.

గదులకే కాదు, దావత్‌లకూ పాయింట్లున్నాయి. బాన్‌వాయ్‌లో మీటింగో షాదీయో ఏదైనా ఫంక్షన్ బుక్ చేసిన మెంబర్‌కు బిల్లు మీద డాలర్ల లెక్కన పాయింట్లు వస్తాయి, ఒక హద్దు వరకు. ఇప్పుడు ఆ ఐటీ కంపెనీని తీసేసి, దాని జాగాలో తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో గుమస్తాగా చేసే ఒక తండ్రిని నిలబెట్టండి.

ఊహించి చెప్పడం లేదు, ఒక నికాలో నా కళ్ళతో చూశాను. ఊరూ పేరూ రాయను, ఆ అమ్మాయి ఇప్పుడు ఆ ఇంట్లోనే కాపురం చేస్తోంది. హోటల్ పేరూ రాయను, వాళ్ళు తమ రూల్ ప్రకారమే నడుచుకున్నారు. దావత్ అయిపోయింది. అమ్మాయి అబ్బా లెక్కల బల్ల దగ్గర నిలబడ్డాడు. కొంత ఫోన్‌లో పంపాడు, పరిమితి దాటిందని ఫోన్ మొరాయిస్తే మిగతాది కాగితం సంచిలోంచి తీసి లెక్కపెడుతున్నాడు. ఆ డబ్బులో సగం ఆయన భార్య కువైట్‌లో ఆరేళ్ళు ఖద్దామాగా చేసి పంపింది. కూతురి నికాకు ఆమెకు సెలవు దొరకలేదు, వీడియో కాల్‌లో చూసింది. హోటల్ కుర్రాడు బిల్లు మీంచి తలెత్తి, "మెంబర్‌షిప్ నంబర్ సార్?" అన్నాడు. అడిగింది డబ్బు లెక్కపెడుతున్న మనిషిని కాదు. పక్కన షేర్వానీలో ఉన్న దుల్హా అన్నను. ఆయన నంబరు చూసుకోకుండానే చెప్పాడు. "థాంక్యూ సార్, ఈసారి మీరు గోల్డ్‌కి బాగా దగ్గరపడ్డారు" అన్నాడు కుర్రాడు. అమ్మాయి అబ్బాకు రసీదు ఇచ్చారు.

కువైట్‌లో ఎవరింట్లోనో గిన్నెలు తోమిన చేతుల కష్టం, ఏ ఊళ్ళోనో ఒక అన్నగారికి పెద్ద గదిగా మారుతుంది. దీన్ని నేను కొత్తరకం జోడే కీ రఖమ్ అంటాను. పాతదాన్ని కనీసం కవరులో పెట్టి చేతికి ఇస్తారు, ఇచ్చేవాడికి తాను ఇస్తున్నట్టు తెలుస్తుంది. ఇది పోయినట్టే తెలియదు. పైగా "డిస్కౌంట్ ఇప్పించాం" అని ఎహ్‌సాన్ కూడా ఇటే మోపుతారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మన మెహర్‌ను కట్నం కిందికి రాకుండా విడిగా ఉంచింది, ఎందుకంటే అది దుల్హన్ హక్కు. జోడే కీ రఖమ్‌కు అలాంటి మినహాయింపేమీ లేదు. మెహర్ దగ్గర మాత్రం మనవాళ్ళు భలే సాదాగా ఉంటారు సుమా, ఐదు వేలు, పదకొండు వేలు, అదీ ఉధార్!

ఇక ఆ హోటళ్ళు అమ్మే సరుకు సంగతి. ఇది నాకు మరీ మంట పుట్టించే విషయం. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌ను తీసుకోండి. 1884లో పాయెగా నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేశాడు. కట్టి కట్టి అప్పులపాలయ్యాడని చెబుతారు. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 2010 నవంబర్‌లో తాజ్ వాళ్ళు దాన్ని హోటల్‌గా తెరిచారు. గేటు నుంచి గుర్రపుబగ్గీ, మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు, 101 మంది వరసగా కూర్చునే భోజనాల బల్ల. కట్టడాన్ని కాపాడారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అక్కడ దొరికేది నిజాముల మెహమాన్‌నవాజీ అంటే మాత్రం ఒప్పుకోను. గులాబీ రేకులకు రేటు ఉన్నప్పుడు అది ఖిద్మత్, అమ్మకానికి పెట్టిన ఖిద్మత్. మంచి ఖిద్మతే కావచ్చు. మెహమాన్‌నవాజీ మాత్రం వేరే మాట, మన దీన్ మనకిచ్చిన మాట.

హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం ఖిస్సా మన పిల్లలకు కూడా తెలుసు. ఇంటికి ముక్కూమొహం తెలియని అతిథులు వచ్చారు. మీరెవరు, ఏ ఊరు, ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చారు అని అడగలేదు. తింటారా అని కూడా అడగలేదు, అడిగితే మొహమాటపడి వద్దంటారని. చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్ళి బలిసిన దూడను కాల్చి తెచ్చి ముందు పెట్టారు. మదీనాలో ఒక అన్సారీ సహాబీ ఇంట్లో పిల్లలకు సరిపడా మాత్రమే ఖానా ఉంటే, దీపం ఆర్పేసి, తామూ తింటున్నట్టు నటించి మెహమాన్ కడుపు నింపారు. మెహమాన్‌కు తన హైసియత్ గుర్తురాకుండా చేయడమే మిజ్‌బాన్ పని. హోటల్ మెట్ల పద్ధతిలో తలుపు దగ్గర నుంచే హైసియత్ గుర్తుచేస్తారు. నువ్వు సిల్వర్, ఆయన ప్లాటినం, నువ్వు ఇక్కడ టిఫిన్ తిను, ఆయనకు పైన లాంజ్.

మన దగ్గర ఆ పాత పద్ధతి చచ్చిపోలేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ నీళ్ళే దిగువకు కొల్లేరులోకి వచ్చి లంక గ్రామాల రోడ్లను ముంచాయి. అప్పుడు అన్నం పొట్లాలు కట్టినవాళ్ళు, మేడ మీద తెలియనివాళ్ళకు చోటిచ్చినవాళ్ళు ఎవరి నంబరూ అడగలేదు. మామూలు రోజుల్లోనూ అంతే. కొల్లేటి ఒడ్డున ఏ ఇంటికైనా పొద్దువాలాక వెళ్ళండి, హిందువులిల్లు కానీ మనవాళ్ళిల్లు కానీ, కొర్రమీను పులుసు తినకుండా లేవనిస్తారేమో చూడండి.

మెట్లు ఇప్పుడు మన దావత్‌లలోకి దిగాయి. నేను పత్రికలో పనిచేస్తాను, ప్రెస్‌మీట్ల పేరుతో ఈ హోటళ్ళు కొంచెం ఎక్కువే చూశాను. అక్కడ వ్యాపారులు చేసుకునే ఏర్పాటు ఇప్పుడు మన నికాల్లో కనిపిస్తోంది. తాడు కట్టి విడిగా 'వీఐపీ డైనింగ్'. అందులో దుల్హా మేనేజరు, ఎమ్మెల్యే గారి మనిషి. బయట మా ఖాలా, ఫుప్పూ, చిన్నప్పుడు దుల్హన్‌కు అలిఫ్ బే నేర్పిన ఉస్తానీ. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనాన్ని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అన్నిటికన్నా చెడ్డ భోజనమన్నారు. ఫంక్షన్ హాల్ దావత్‌లో చివరి దస్తర్ఖాన్ మీద ఫకీర్లు కూర్చునేవాళ్ళు, బస్సు డ్రైవరు కూర్చునేవాడు. నేను చెప్పిన ఆ నికా రోజు బస్సు డ్రైవరు హోటల్ గేటు బయట బండి దగ్గర బన్ను తిన్నాడు. ప్లేటు లెక్కలో అతను లేడు మరి.

ఏలూరు నుంచి విజయవాడకు 60 కిలోమీటర్లు, తాడేపల్లిగూడెం నుంచి వంద దాటుతుంది. అందుకే నానీలు, దాదీలు రారు. బావర్చీకి పని పోయింది. దేగ్ కింద కట్టెలు ఎగదోసే కుర్రాళ్ళకూ పోయింది. చాలా హోటళ్ళు బయటి వంట రానివ్వవు, మిగిలిన ఖానా బయటికి పోనివ్వవు. ఒక దేగ్ బిర్యానీ మిగిలితే మొహల్లాలో నలభై ఇళ్ళకు వెళ్ళేది. ఇప్పుడు ఎటు పోతుందో అల్లాహ్‌కే తెలియాలి.

ఏలూరు మనిషికి ఖరీదైన నేల కొత్త కాదు. ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబాలు ఇక్కడ ఉన్ని తివాచీలు నేశాయి, తంగెళ్ళమూడి వైపు ఇప్పటికీ ఆ పని తెలిసినవాళ్ళున్నారు. ముడి ముడికీ వేళ్ళు కాయలు కాచినవాళ్ళకు దక్కింది కూలి. ఆ తివాచీలు ఏ దివాన్‌ఖానాల్లో పరిచారో, వాటి మీద ఎవరు నడిచారో నేసినవాళ్ళు చూడలేదు. వాళ్ళ మనవలు ఖర్జ్ తెచ్చి ఇవాళ అలాంటి తివాచీ మీద ఒక్క సాయంత్రం నడిచి ఇజ్జత్ వచ్చిందనుకుంటున్నారు.

నాతో వాదించేవాళ్ళు ఉన్నారు. హోటల్‌లో ఆడవాళ్ళకు పర్దా బాగుంటుందంటారు, గుసల్‌ఖానాలు శుభ్రంగా ఉంటాయంటారు, రోడ్డు మీద షామియానా వేసి ట్రాఫిక్ ఆపడం కన్నా నయం కదా అంటారు. నిజమే, మూడూ నిజమే. మన ఫంక్షన్ హాళ్ళ గుసల్‌ఖానాల గురించి రాయాలంటే వేరే ఒక వ్యాసం కావాలి. అయితే ఆ శుభ్రతకు డబ్బు ఎవరు కట్టాలి? నికా రోజు అమ్మాయి వాళ్ళు వందల మందికి ఖానా పెట్టాలన్నది షరీఅత్‌లో లేదు. వలీమా సున్నత్, అది దుల్హా బాధ్యత. స్టార్ హోటల్ మీద అంత మోజుంటే వలీమా అక్కడ చేసుకోండి. మీ డబ్బు, మీ పాయింట్లు, మీ గోల్డ్. నేనే వచ్చి ముబారక్‌బాద్ చెబుతాను. ఆ పాయింట్లు హలాలా కాదా అనేది ముఫ్తీ సాహెబ్‌ను అడగండి, నేను ఫత్వాలిచ్చేవాణ్ని కాను. పరాయివాడి డబ్బు మీద వచ్చినవి, అతనికి చెప్పకుండా తీసుకున్నవి అని సవాల్‌లో పూర్తిగా రాసి మరీ అడగండి.

జమాత్ సదర్‌లకు ఒక విన్నపం. నికాకు ముందు మెహర్ ఎంత, గవాహ్‌లు ఎవరు అని రాసుకుంటారు కదా, నికా దావత్ బిల్లు ఎవరు కడుతున్నారో కూడా అడగండి. రిజిస్టర్‌లో రాయకపోయినా సరే, నలుగురిలో అడిగితే చాలు.

ఆడపిల్లల తండ్రులకు మాత్రం, వాళ్ళు హోటల్ కాదనలేని పరిస్థితిలో ఉంటే, ఒక తరకీబ్ చెబుతాను. ఈ పథకాల్లో చేరడానికి పైసా ఖర్చు లేదు. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇస్తే పది నిమిషాల పని, మీ అమ్మాయే చేసిపెడుతుంది. దుల్హన్ పేరు మీదే చేర్పించండి. బుకింగ్ రోజే ఆ నంబరు రాయించండి. రిష్తా మాటల్లో హోటల్ ప్రస్తావన రాగానే, "జరూర్ భాయ్, మెంబర్‌షిప్ నంబర్ మాత్రం మా అమ్మాయిది ఇస్తాం" అని నవ్వుతూ చెప్పండి. ఆ తర్వాత కూడా ఎంతమందికి ఆ హోటలే కావాలో, ఎంతమందికి మన ఊరి ఫంక్షన్ హాల్ ఉన్నట్టుండి నచ్చుతుందో చూడండి.