ఇంటిపని – మనపని
చప్పుడు ఆగింది, నీరు ఆగలేదు

ఈసారి మేము ఎంచుకున్న విషయం చాలా చిన్నది: వంటింట్లో రాత్రంతా బొట్లు బొట్లుగా కారే మిక్సర్ కుళాయి.

కారే కుళాయి మూతికి నూలుదారం కట్టి, దాని కొసను సింకులోకి వదిలే ఉపాయం మన ఇళ్లలో చాలామందికి తెలిసినదే. బొట్టు దారం వెంట జారిపోతుంది. చప్పుడుండదు. ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోతారు. మేమూ మా కుళాయికి నెలరోజులపాటు అలాగే దారం కట్టి ఉంచాము. ఒకనాటి ఉదయం దాని క్రింద గ్లాసు పెట్టి చూడగా, 200 మిల్లీలీటర్ల గ్లాసు గంటకు నిండింది. అంటే రోజుకు 4.8 లీటర్లు, నెలకు 144 లీటర్లు. చప్పుడు ఆగింది గాని నీరు ఆగలేదు!

మనది పనివాళ్ల పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మన పెద్దలు ఖరగ్‌పూర్ వచ్చి, వర్క్‌షాపులో ఇనుమును లొంగదీసి కుటుంబాలను నిలబెట్టారు. పగలంతా పానా పట్టిన చేయి, ఇంటికి రాగానే దారంతో సరిపెట్టుకోవడం న్యాయమా? పైగా కంసావతి నుండి పంపులతో తోడి తెచ్చే నీరు మనకు ఊరికే రావడం లేదు. ఒకే ట్యాంకు మీద నాలుగు కుటుంబాలు ఆధారపడినచోట, మన కుళాయి నుండి కారినది పొరుగువారి వాటాయే.

ముందుగా ఒక తప్పు అలవాటు మానుకోవాలి. కుళాయి కారుతున్న కొద్దీ పిడిని మరింత బిగిస్తాము. పాత రకం కుళాయిలో దీనివల్ల లోపలి రబ్బరు వాషరు నలిగి, త్వరగా పాడవుతుంది. ఒకే పిడి గల కొత్త రకంలో ఎంత నొక్కినా లాభం లేదు. బలం కాదు, కారణం తెలియాలి.

పని మొదలుపెట్టే ముందు గీజరు ఉంటే దాని స్విచ్చి ఆపండి. సింకు క్రింద వేడినీటి, చన్నీటి యాంగిల్ కాకులను ఒకదాని తరువాత ఒకటి మూసి చూడండి. ఏది మూస్తే ధార ఆగుతుందో లోపం ఆ వైపున ఉన్నట్లు. తరువాత రెండింటినీ మూసి, కుళాయి తెరచి, మిగిలిన నీటిని వదిలేయండి. యాంగిల్ కాకులు లేని ఇళ్లలో ట్యాంకు వాల్వునే మూయాలి. ఆ సంగతి ఇరుగుపొరుగువారికి ముందే చెప్పండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కితే చిన్న స్క్రూలు జారిపోవు.

రెండు పిడుల కుళాయి అయితే, ఎరుపు లేదా నీలం గుర్తు గల మూతను మెల్లగా ఎత్తి, స్క్రూ విప్పి, పిడి తీయండి. స్పిండిలుకు గుడ్డ చుట్టి, పానాతో ఎడమవైపు తిప్పితే ఊడివస్తుంది. దాని అడుగున వాషరు గుంటపడి ఉంటే అదే సైజుది మార్చండి. వాషరు ఆనే ఇత్తడి గద్దెను కూడా వ్రేలితో తడిమి చూడండి. అక్కడ గాటు ఉంటే కొత్త వాషరు కూడా నిలవదు. ఒకే పిడి గల రకంలో అలెన్ కీతో చిన్న స్క్రూ విప్పితే లోపల కార్ట్రిడ్జి కనిపిస్తుంది. నీటిలోని ఇసుక, తుప్పు రేణువులు దాని పింగాణీ బిళ్లలను గీస్తాయి. పాతదానిని చేతిలో పట్టుకొని గోల్‌బజారుకు వెళ్లి సరిపోల్చి కొనండి. కొలత నోటితో చెప్పి తెచ్చినది చాలాసార్లు పొసగదు. మేము అలా రెండుమార్లు తిరిగాము.

నీరు మూతి నుండి గాక పిడి క్రింద ఊరుతుంటే లోపం వాషరుది కాదు. అక్కడి ఓ-రింగు లేదా గ్లాండు అరిగిందన్నమాట.

బిగించిన పిమ్మట యాంగిల్ కాకులను మెల్లగా తెరవండి. నీరు సరిగా వచ్చాకే గీజరు వేయండి. కుళాయి సంస్థ అమర్చినదైతే మాత్రం ముందుగా సంబంధిత కార్యాలయంలో ఫిర్యాదు వ్రాయించడం మన ధర్మం.

మాకు ఈ పని చేయడానికి ఒక గంట పట్టింది. మా చిన్నమ్మాయి టార్చి పట్టుకొని నిలబడి, ప్రతి భాగం పేరూ అడిగింది. ఆ రాత్రి వంటింట్లో చప్పుడు లేదు. ఈసారి దారమూ లేదు.